లోడు డ్యూటీ

లేనివాడు కారుకి బానెట్ ఊడిపోతే గ్యారేజీకి తెస్తాడు. ఉన్నవాడు గ్యారేజీకి తెచ్చి మరీ బానెట్ ఊడదీయిస్తాడు. మా అర్బాబ్ ఉమర్ ఎర్ర ఫోర్డు ఈ రెండో రకం బండి.

అర్బాబ్ అంటే యజమాని. మస్కట్ శివార్లలో ఘాలాలో మా గ్యారేజీ ఆయనదే, పక్కన గోడౌన్ ఆయనదే, మేముండే రూములు ఆయనవే, మా వీసాలు ఆయనవే. తొంభై రెండులో, చమురు కంపెనీలో పని ముగించుకుని వెళ్ళిపోతున్న ఒక అమెరికావాడి దగ్గర ఈ కారు కొన్నాడు. దానిదీ మా నాన్నదీ ఒకటే ఈడు. మా నాన్నకి అప్పటికే మోకాళ్ళు పోయి మంచం దిగడం లేదు. దీనికి మాత్రం ఎవరో కొత్త ఇంజను వేశారు, కొత్త గేర్‌బాక్సు వేశారు, పేరంటానికి వెళ్ళే ముసలమ్మ పెదాలకి రాసినట్టు ఎర్రరంగు పూశారు. ఇట్లా ముసలి కార్లకి పడుచు ఇంజన్లు పెట్టి తిప్పుకునే సరదాని అక్కడ హాట్ రాడ్ అంటారట. ఇంజను పైకి కనపడాలట. ముందు భాగం నేలకి వంగి, వెనక భాగం పైకి లేచి ఉండాలట. మా ఊళ్ళో గింజలు ఏరుకునే కోడిపెట్ట కూడా అలాగే ఉంటుంది గానీ, దాని పక్కన నిలబడి ఎవరూ ఫోటో దిగరు.

ఆ కారు వెనక డిక్కీ మూత ఎత్తితే లోపల సామాను పెట్టుకునే చోటు ఉండదు, ఇద్దరు కూర్చునే సీటు ఉంటుంది. ఆ సీటుకి పైన కప్పు లేదు, ముందు అద్దం లేదు. ఆ కాలంలో నౌకర్లని కూర్చోబెట్టడానికి చేశారని మా ఫోర్‌మన్ నిసార్ అహ్మద్ చెప్పాడు. చెప్పేటప్పుడు మావైపు ఎందుకు చూశాడో అప్పుడు నాకు తెలియలేదు.

నిసార్ అహ్మద్ హైదరాబాదువాడు. డిప్లొమా చదివాడు. చొక్కా జేబులో పెన్నుకి బదులు టైరు గాలి చూసే మీటరు పెట్టుకునేవాడు. అర్బాబ్ నవ్వితే ఆయనా నవ్వేవాడు, అర్బాబ్ అరిస్తే మామీద అరిచేవాడు. మధ్యలో ఖాళీ దొరికితే గ్యారేజీ చూసుకునేవాడు. నేను అక్కడ కార్ల సొట్టలు తీసేవాణ్ణి. ఉన్నవాళ్ళు పెట్టిన సొట్టలు లేనివాళ్ళు తీయడం నేను ఎక్కడికి పోయినా ఉన్న ఉద్యోగమే, ఒమాన్‌లో దానికి వీసా కూడా ఇచ్చారు, అంతే తేడా.

ఇక ఖాదర్‌వలి. కడప జిల్లా రైల్వే కోడూరువాడు. గనుల్లోంచి ముగ్గురాళ్ళు మోసే లారీలకి స్ప్రింగుల కమాన్ కట్టలు, ముందు యాక్సిళ్ళు చూసి చూసి వచ్చినవాడు. సన్నగా, ఎండిన మునక్కాయలా ఉండేవాడు. ఇతనికి ఒమాన్‌లోనే, సూర్ అనే ఊళ్ళో పెళ్ళాం ఉంది. ఈ మాట మరోలా వినిపిస్తుంది కాబట్టి వివరంగా చెబుతాను. ఆమె కోడూరులో నిఖా చేసుకున్న పెళ్ళామే. పేరు రజియా.

అర్బాబ్ తల్లి సూర్‌లో ఉండేది. ఆవిడకి చేదోడుగా ఒక ఆడమనిషి కావాలన్నప్పుడు నిసార్ అహ్మద్ ఖాదర్‌వలిని పిలిచి, "నీ బీవీని పిలిపిస్త మియా. ఇద్దరూ ఒక్క ముల్కుల ఉంటరు. ఇంకేం గావాలె నీకు?" అన్నాడు. ఇద్దరూ ఒకే దేశంలోనే ఉన్నారు. మధ్యలో ఇబ్రా ఉంది, కొండలున్నాయి, ఇసక ఉంది, ఒక పూట ప్రయాణం ఉంది. శుక్రవారం ఒక్కరోజు సెలవులో పోయి రావడం కుదరదు, పర్మిషన్ అడిగితే నిసార్ అహ్మద్ గాలి మీటరు తీసి చూసుకునేవాడు. ఫోన్ చేస్తే ముసలావిడ ఎత్తేది. సలామ్‌కి సలామ్ చెప్పి పెట్టేసేది. అంతకు ముందు బక్రీదుకి ఒక్కసారి చూశాడు పెళ్ళాన్ని, అది కూడా అర్బాబ్ ఇంటికి మేకల్ని దించడానికి వెళ్ళిన బండిలో, మేకలతో పాటు.

తరవాత సూర్‌లో వచ్చిన గ్యాస్ ప్లాంటు సంగతి ఇంకా ఎవరూ ఎత్తని రోజులవి. సూర్ అంటే చేపలూ, చెక్క ఓడలూ, కొన్ని దుకాణాలూ. అక్కడ మాకేం పని ఉంటుంది.

అర్బాబ్ ఏదో అమెరికా పత్రికలో బొమ్మ చూసి, కారుకి వెనక ఇంకా లావు టైర్లు, ఇంకా ఎత్తు స్ప్రింగులు వేయించాడు. ఆ రోజునుంచి బండి రోడ్డు మీద నిలవడం మానేసింది. ఎడమకి పొమ్మంటే కాసేపు ఆలోచించి పోయేది. తిన్నగా పొమ్మంటే అసలు వినేది కాదు.

దీని మర్మం సైకిలు తొక్కినవాళ్ళందరికీ తెలిసిందే. సైకిలు ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు నిటారుగా ఉండదు. పైభాగం తొక్కేవాడి వైపు వాలి ఉంటుంది. ఆ వాలు ఉండబట్టే చేతులు వదిలేసినా చక్రం తనంతట తాను సర్దుకుని తిన్నగా పోతుంది. కారు ముందు యాక్సిల్‌లో చక్రం తిరిగే పిన్ను కూడా అట్లాగే వెనక్కి కొంచెం వాలి ఉండాలి. దాన్నే క్యాస్టర్ అంటారు. వాలు చాలకపోతే బండికి తాగినవాడి నడక వస్తుంది. ఎక్కువైతే తిన్నగానే పోతుంది గానీ, స్టీరింగ్ తిప్పేవాడి భుజాలు పోతాయి. అర్బాబ్ బండి వెనక భాగం లేపాడు. బండంతా ముందుకి వంగింది. ఉన్న వాలు కాస్తా పోయింది.

మా దగ్గర అలైన్‌మెంట్ మెషీన్ ఉంది. దాంట్లో జపాన్ కార్ల లెక్కలే ఉన్నాయి. నిసార్ అహ్మద్ దాని ముందు కాసేపు గౌరవంగా నిలబడి, "ఖాదర్‌వలిని పిలువు" అన్నాడు.

ఖాదర్‌వలి కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. కింద దూరి చూశాడు. బయటికి వచ్చి నాతో, "ఇస్రాయేలన్నా, గోడౌన్లో సిమెంటు బస్తాలుండాయి. రెండు పట్టుకోనొద్దాం రా" అన్నాడు.

"ఎందుకయ్యా?"

"లోడు లేకుండా క్యాస్టర్ యాడన్నా చూస్తారా?"

కోడూరు పద్ధతి అది. అక్కడ ఖాళీగా తిరిగే లారీ అంటే యజమాని కళ్ళలో నీళ్ళు తిరిగే లారీ. రాళ్ళు నింపుకుని కమాన్లు కిందికి కుంగితేనే అది లారీ. కాబట్టి అక్కడి మేస్త్రీలు ముందు లోడెక్కించి, బండి కుంగిన తరవాతే ముందు యాక్సిల్ వాలు చూస్తారు. ఖాళీ బండికి క్యాస్టర్ చూడటం అంటే పెళ్ళికొడుకు లేకుండా చొక్కా కుట్టినట్టే వాళ్ళకి. ఇద్దరం రెండు బస్తాలు మోసి డిక్కీ సీట్లో కూర్చోబెట్టాం. మొట్టమొదట ఆ సీట్లో కూర్చున్న గౌరవం సిమెంటుకే దక్కింది.

ఆ సమయానికి అర్బాబ్ వచ్చి నిలబడ్డాడు. ఒక వేలు ఎత్తి చూపించాడు.

"ఖాదర్, స్టీరింగ్ వాహిద్ ఉంగ్లీ."

ఒక్క వేలితో తిరగాలని. సముద్రం ఒడ్డున కార్నిష్ రోడ్డు మీద నిదానంగా పోతూ, ఒక చెయ్యి కిటికీ బయట పెట్టుకుని, రెండో చేతి వేలితో స్టీరింగ్ తిప్పాలని ఆయన కోరిక. ఖాదర్‌వలి తల ఊపాడు. యాక్సిల్‌ని వెనకనుంచి పట్టుకునే కడ్డీలు ఉన్నాయి, జడపిన్నుల ఆకారంలో, అటొకటి ఇటొకటి. వాటి చివర మరలు. మరలు తిప్పితే యాక్సిల్ వాలుతుంది. తాపీమేస్త్రీల దగ్గర గుండుదారం అడిగి తెచ్చి, దాన్ని వేలాడదీసి, ఒక కన్ను మూసి చూసుకుంటూ తిప్పాడు. స్టీరింగ్ బరువెక్కకుండా, ఎంత వాలు ఉంటే బండి తిన్నగా పోతుందో సరిగ్గా అంతే పెట్టాడు. పిసరు ఎక్కువ పెట్టలేదు. మన మేస్త్రీలు ఎక్కడైనా ఎక్కువ పెట్టరు.

బస్తాలతోనే అర్బాబ్ ఎయిర్‌పోర్టు రోడ్డు మీద తిప్పుకుని వచ్చాడు. స్టీరింగ్ వదిలేసి రెండు చేతులూ గాల్లోకి ఎత్తి చూపించాడు. "సీదా" అన్నాడు. నిసార్ అహ్మద్ నవ్వాడు. మేము కూడా నవ్వాల్సి వచ్చింది.

మర్నాడు పాలిష్ చేసే కుర్రవాళ్ళు బస్తాలు దించేసి, సిమెంటు మరకలు తుడిచి, కారుని పెళ్ళికూతుర్ని చేశారు. అర్బాబ్ ఒక్కడే బయల్దేరాడు. కాసేపటికే తిరిగి వచ్చాడు, ముఖం చెమటతో తడిసి. రౌండెబౌట్ మధ్యలో నిలబెట్టిన సిమెంటు కాఫీ కూజా ఉంటుంది చూడండి, కారు దాన్ని ముద్దు పెట్టుకోబోయిందట.

"ఏం జేసినవ్‌రా?" అని నిసార్ అహ్మద్ ఖాదర్‌వలి మీదికి వచ్చాడు.

ఖాదర్‌వలి డిక్కీలోకి తొంగి చూశాడు. "లోడు ఎవరు దించినారు సార్?"

"బస్తాలా? అర్బాబ్ బండిల సిమెంట్ పెట్టుకోని తిరుగుతడా? జనం చూసి ఇల్లు గట్టనీకి పోతుండనుకుంటరు."

"లోడు లేకుంటే వెనక లేస్తాది సార్. వెనక లేస్తే ముందర వాలు పోతాది. నేను లోడు మీద చూసినా."

అంటే తప్పు ఎక్కడుందో ఖాదర్‌వలికి అప్పుడే తెలిసింది. ఇది లారీ కాదు. దీని మీద ఎవరూ ముగ్గురాళ్ళు తోలరు. దీని జన్మంతా ఖాళీగా తిరగడమే, ఖాళీగా తిరిగేవాడి కోసం.

నిసార్ అహ్మద్ మీటరు తీసి అరచేతిలో తట్టుకుంటూ ఆలోచించాడు. ఆయన ఆలోచించడం నేను చూసింది తక్కువే. చివరికి ముఖం వెలిగింది.

"బస్తాలు పెడితే లోడ్ అంటరు. మనుషుల్ని కూర్చోబెడితే స్టాఫ్ అంటరు. అర్బాబ్‌కి ఇజ్జత్ గూడ."

"అంత పని లేదు సార్, ఆ మరలు మళ్ళా కొంచెం..." అని ఖాదర్‌వలి మొదలుపెట్టాడు.

"నడుమ మాట్లాడకు. ఈ జుమ్మేరాత్ నాడు అర్బాబ్ సూర్ పోతుండు, అమ్మని చూడనీకి. గీ బండిల్నే పోతడంట. నువ్వెక్కు, ఇస్రాయేల్ ఎక్కుతడు. రాత్రి ఆడ్నే పండుకోని జుమ్మా నాడు వాపస్."

ఖాదర్‌వలి నోరు తెరిచి ఉన్నవాడు తెరిచినట్టే నిలబడ్డాడు. తరవాత మూసుకున్నాడు. చేతిలో స్పానర్‌ని గుడ్డతో తుడిచి, పెట్టెలో పడుకోబెట్టి, మూత వేశాడు.

"సరే సార్" అన్నాడు.

గురువారం పొద్దున స్పేర్‌పార్టులు తూచే కాటా మీద మా ఇద్దర్నీ నిలబెట్టాడు నిసార్ అహ్మద్. బస్తాల కంటే మేము కొంచెం ఎక్కువే తూగాం. సిమెంటు కంటే ఎక్కువని ఎవరైనా ఒప్పుకోవడం నా జీవితంలో అదే మొదలు. ఇస్త్రీ చేసిన యూనిఫాం వేసుకున్నాం. గ్రైండింగ్ కళ్ళద్దాలు పెట్టుకుని, తలకి తువ్వాలు చుట్టుకుని డిక్కీలో కూర్చున్నాం. ముందు అర్బాబ్ పాదాల దాకా వచ్చే తెల్లటి దిష్‌దాషాలో, వెనక మేము. ట్రాఫిక్ లైట్ దగ్గర ఆగితే పక్క బస్సులో పిల్లలు మాకు చేతులు ఊపారు. ఖాదర్‌వలి కూడా ఊపాడు. నేను ఊపలేదు.

ఇబ్రా దాటేసరికి నోట్లో ఇసక, చెవుల్లో ఇసక. మాట్లాడితే ఈగలు లోపలికి వస్తాయి. ఖాదర్‌వలి అయినా మాట్లాడుతూనే ఉన్నాడు. "చూడన్నా, ఎంత తిన్నగా పోతాందో. గీత గీసినట్టు." బండిని మెచ్చుకుంటున్నాడో రోడ్డునో, ఆ రోడ్డు చివర ఉన్నదాన్నో నేను అడగలేదు.

సూర్‌లో ఆ ఇంటికి చుట్టూ ఎత్తు గోడ. వంటిల్లు వేరుగా, వాకిలికి ఒక పక్కన. రజియా వంటింటి గుమ్మంలోకి వచ్చి కారు వైపు చూసింది. డిక్కీలోంచి దిగుతున్న రెండు మట్టిబొమ్మల్లో తన మొగుడు ఏదో తేల్చుకోవడానికి ఆమెకి కాసేపు పట్టింది.

"ఏమయ్యా, సామాన్ల పెట్టెలో ఎందుకు పెట్టుకోనొచ్చినారు నిన్ను?"

"బరువుకి."

"బరువుకా?"

"నేను కూచుంటేనే ఆ బండి తిన్నగా పోతాది మే."

"కోడూరులో ఇంట్లో కూచున్యప్పుడు ఏదీ తిన్నగా పోలేదే."

నేను కుళాయి దగ్గరికి పోయి, ముఖం కడుక్కోవాల్సిన దానికంటే చాలాసేపు కడుక్కున్నాను. ఆమె చారు కాచింది. అక్కడ చింతపండు ఎక్కడ సంపాదించిందో, ఆ వాసనకి నా కళ్ళు మండాయి. ఇసక వల్ల అనుకోండి. ముసలావిడ లోపల ఉయ్యాల మంచం మీద కొడుకుతో మాట్లాడుతోంది. వంటింట్లో వీళ్ళు నేలమీద ఎదురెదురుగా కూర్చున్నారు. స్టవ్వుకి ఒక కాలు పొట్టి, దాని మీద గిన్నె కదిలినప్పుడల్లా టకటకమంటోంది. ఆమె ఒక చేత్తో స్టవ్వు పట్టుకుని, ఇంకో చేత్తో వడ్డిస్తోంది.

ఖాదర్‌వలి అంతా చెప్పాడు. ఆమె విన్నది.

"అయితే ఆ మరలు తిప్పితే ఎవురూ కూచోబన్లేదంటావు."

"పన్లేదు."

"ఎంతసేపు పని?"

"టీ తాగినంతసేపు."

ఆమె గ్లాసులో టీ పోసి ఆయన ముందు పెట్టింది. "అట్లయితే నిదానంగా తాగు" అంది.

ఆ చలికాలమంతా ఆయన ఆ టీ తాగుతూనే ఉన్నాడు. అర్బాబ్‌కి మోజు తీరలేదు. వారం విడిచి వారం సూర్. నిసార్ అహ్మద్ దీనికి లోడు డ్యూటీ అని పేరు పెట్టాడు. ఓవర్‌టైం అడిగితే, "కూర్చోనీకి గూడ ఓవర్‌టైమా? మేనేజర్లు అడుగుతున్నరా?" అన్నాడు. మా రూములోవాళ్ళు అసూయపడ్డారు. అర్బాబ్‌తో పాటు కారులో తిరిగేవాళ్ళం కదా మేము. ఒక మలబారువాడు తన బరువు ఎక్కువని, నా బదులు తనని పంపమని నిసార్ అహ్మద్ దగ్గర అర్జీ కూడా పెట్టుకున్నాడు. సిఫారసు ఉన్నా వాడికి రాలేదు.

రంజాన్ నెల వచ్చింది. ఖాదర్‌వలి ఉపవాసాలు ఉన్నాడు, డిక్కీలో ఎండకి ఇంకా ఎండాడు. నిసార్ అహ్మద్ కాటా మీద ముల్లు చూసి కంగారుపడ్డాడు. "అరె మియా, నువ్వు రోజా ఉంటే అర్బాబ్ బండి ఊగుతది. తెల్లారకముందు సహరీల రెండు రొట్టెలు జ్యాదా తిను" అని మెస్సువాడికి చెప్పి పెట్టించాడు. ఎన్నేళ్ళు అడిగినా రాని రొట్టెలు అవి. ముందు యాక్సిల్ ఇప్పించింది.

ఈద్‌కి మళ్ళీ సూర్ వెళ్ళాం. ఇల్లంతా చుట్టాలు, అగరు పొగ, మాంసం ఉడికే వాసన. రజియా కొత్త చీర కట్టుకుంది, పైన పనికి కట్టుకునే గుడ్డ తియ్యలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ముసలావిడకి కోరిక పుట్టింది. కొడుకు కారులో సముద్రపు పాయ ఒడ్డంట పోయి, ఓడలు చేసే చోటు చూడాలని. ఆమె మొగుడు ఓడల మనిషట. అర్బాబ్ సంతోషంగా తాళం చెవులు తీశాడు.

నేనూ ఖాదర్‌వలీ లేచి కళ్ళద్దాలు పెట్టుకున్నాం. ముసలావిడ మా ఇద్దర్నీ చూసి ముక్కు మూసుకుని ఏదో అంది. పండగపూట ఈ గ్రీసు వాసన నాకొద్దని కాబోలు. అర్బాబ్ మాకు చెయ్యి అడ్డం పెట్టాడు.

"తుమ్ బైఠో. మామా ఆగే, రజియా పీఛే. ఖలాస్."

మమ్మల్ని అక్కడే కూర్చోమని, తల్లి ముందు సీట్లో; ముసలావిడని ఎక్కించడానికి దించడానికి రజియా కావాలి కాబట్టి ఆమె డిక్కీలో. రజియా బరువెంత. ఇద్దరు మగాళ్ళ జాగాలో ఒక బక్క ఆడది. పాయ ఒడ్డున రోడ్డుకి గోడ లేదు, ఒక పక్క నీళ్ళే.

ఖాదర్‌వలి ముందుకి పోయాడు. "అర్బాబ్, లోడు మాఫీ. సీదా మాఫీ. గాడీ ఖత్రా." మాఫీ అంటే అక్కడ లేదని అర్థం.

"ఆజ్ ఈద్, ఖాదర్. ష్వయ్య ష్వయ్య జాయెగా." మెల్లగా పోతానని ఆయన మాట. ఆయన మెల్లగా పోవడం మేము డిక్కీలోంచి చూస్తూనే ఉన్నాం చలికాలమంతా.

ఖాదర్‌వలి కాసేపు కారు వైపు చూశాడు. ఆ తరవాత రజియా వైపు. ఆమె డిక్కీ మెట్టు మీద ఒక కాలు పెట్టి ఆగింది. ఏం జరగబోతోందో నాకంటే ముందు ఆమెకి తెలిసింది.

ఖాదర్‌వలి డిక్కీ సీటు కింద చెయ్యి పెట్టి స్పానర్ల సంచీ బయటికి లాగాడు. "అర్బాబ్, కొంచెం ఆగు. మై సీదా కరేగా."

రజియా కాలు దించింది. "టీ పెట్టేదా?" అంది.

"పెట్టు. తొందరగా తాగేస్తా."

గుండుదారం లేదు. రజియా బియ్యం డ్రమ్ము తాళంకప్ప ఊడదీసి, దారానికి కట్టి తెచ్చింది. ఖాదర్‌వలి పండగ బట్టలతోనే కారు కింద దూరాడు. ఆమె కొంగు దోపుకుని, చెప్పిన చోట దారం పట్టుకుని నిలబడింది. "ఇటు. ఇంకా ఇటు. ఆడ్నే కదలకుండా పట్టుకో" అని కిందనుంచి. "కదల్లేదులే, నువ్వు తిప్పు" అని పైనుంచి. ఆ ఇద్దరూ కలిసి ఒక పని చేయడం నేను చూడటం అదే మొదలు. చుట్టాలు గుమిగూడి చూస్తున్నారు. ముసలావిడ కుర్చీ వేయించుకుని కూర్చుంది.

"ఖాళీ బండికి క్యాస్టర్ చూడటం ఇదే మొదులన్నా" అన్నాడు నాతో, ముఖాన నూనె తుడుచుకుంటూ. "కోడూరులో ఎవురన్నా చూస్తే నవ్వుతారు."

లేచి టీ గ్లాసు అందుకున్నాడు. ఒక్క గుటకలో తాగేశాడు.

కారు పాయ ఒడ్డంట పోయి తిరిగొచ్చింది. గీత గీసినట్టే పోయిందట. రజియా దిగి వంటింట్లోకి వెళ్ళింది. ముసలావిడ ఖాదర్‌వలి చేతిలో ఒక హల్వా పొట్లం పెట్టింది. అర్బాబ్ దిగి కుడిభుజం రుద్దుకున్నాడు, అయినా సంతోషంగానే ఉన్నాడు. ఇన్నాళ్ళు ఈ పని ఎందుకు చేయలేదని అడుగుతాడేమో అనుకున్నాను. అడగలేదు. పనివాడు ముందే చేసి ఉండవచ్చన్న ఆలోచన రావాలంటే పనివాడి గురించి ఆలోచించాలి.

"అచ్ఛా. ఆద్మీ లాజిమ్ నై" అన్నాడు. ఇక మనుషులు అక్కర్లేదని.

అప్పటికప్పుడే అక్కర్లేకపోయాం. ఆయన మర్నాడు ఒక్కడే హాయిగా మస్కట్ వెళ్ళిపోయాడు. మమ్మల్ని చేపల ట్రక్కులో ఎక్కించారు. బయల్దేరే ముందు రజియా చారుపొడి పొట్లం తెచ్చి మొగుడికిచ్చింది.

"మళ్ళా ఎప్పుడు?"

"బండి చెడిపోయినప్పుడు."

"నువ్వు చేసింది చెడిపోదు గదా."

"అదే గదా ఇప్పుడొచ్చిన బాధ."

"మంచి పనే చేసినావులే" అంది ఆమె. అని ట్రక్కు వైపు చూసి, "చేపల మధ్యలో కూచోబాకు, ముందర కూచో" అంది. ముందర డ్రైవరూ ఆయన ఇద్దరు తమ్ముళ్ళూ ఉన్నారు. మేము చేపల మధ్యలోనే కూర్చున్నాం.

ఘాలాలో నిసార్ అహ్మద్ అందరికీ చెప్పుకున్నాడు, తనే ఫోన్లో సలహా ఇచ్చి చేయించానని. సూర్ ఇంటికి ఫోన్ చేస్తే ముసలావిడ తప్ప ఎవరూ ఎత్తరని ఖాదర్‌వలికి తెలుసు. రొట్టెలు కూడా పాత లెక్కకి వచ్చాయి. రూములో సాయంత్రాలు ఖాదర్‌వలి చారుపొడి డబ్బా మూత తీసి వాసన చూసి పెట్టేసేవాడు. వండేవాడు కాదు. అయిపోతుందని.

గురువారాలు వచ్చాయి, పోయాయి. ఎర్ర కారు సూర్ పోయి వచ్చింది, ఖాళీ డిక్కీతో.

ఒకరోజు అర్బాబ్ గ్యారేజీలోకి విసురుగా వచ్చాడు. జరిగిందేమిటంటే, ఏదో పెద్ద హోటల్ ముందు స్నేహితులందరూ చూస్తుండగా కారు పార్కింగ్ చేయాల్సి వచ్చింది. ఒక వేలితో తిప్పబోయాడు. స్టీరింగ్ కదల్లేదు. రెండో చెయ్యి కూడా వేసి, పళ్ళు బిగించి, నీళ్ళ ట్యాంకరు డ్రైవరులాగా తిప్పాల్సి వచ్చింది. తలపాగా జారింది. స్నేహితులు నవ్వారు.

ఆయన మా ముందు నిలబడి వేలు ఎత్తి చూపించాడు. "ఖాదర్. వాహిద్ ఉంగ్లీ కిధర్?"

నిసార్ అహ్మద్ ఖాదర్‌వలి వైపు కోపంగా చూశాడు. ఖాదర్‌వలి నిదానంగా చెప్పాడు, నిసార్ అహ్మద్ దాన్ని అరబ్బీ చేశాడు. "వాలు ఎక్కువుంటే స్టీరింగు బరువు, వెనక మనుషులతో పన్లేదు. వాలు తక్కువుంటే స్టీరింగు తేలిక, వెనక లోడు కావాల. ఏదో ఒకటే అర్బాబ్. బరువు యాడో ఒకచోట ఎవురో ఒకరు మోయాల్సిందే."

ఇది చెప్పేటప్పుడు ఖాదర్‌వలి అర్బాబ్ కళ్ళలోకి చూడలేదు. నేలమీద పడి ఉన్న ఒక నట్టుని కాలితో పక్కకి జరుపుతున్నాడు.

అర్బాబ్ తన వేలి వైపు చూసుకున్నాడు. మా ఇద్దరి వైపు చూశాడు. మళ్ళీ వేలి వైపు. దేన్ని ఎంచుకుంటాడో మాకు తెలియనిది కాదు, అయినా ఖాదర్‌వలి కాలు నట్టు మీద ఆగిపోయింది.

"ఆద్మీ బిఠావ్" అన్నాడు అర్బాబ్. మనుషుల్నే కూర్చోబెట్టమని.

"ఒక మాట సార్" అని ఖాదర్‌వలి నిసార్ అహ్మద్‌ని ఆపాడు. "మేమెక్కకుండా ఆ బండి గేటు దాటకూడదు. సూర్‌లో అమ్మని ఎక్కిచ్చినా సరే, వెనక మేమిద్దరమే. అట్లయితేనే తిప్పుతా. ముక్కు మూసుకోమను ఆమెని."

చివరి ముక్క నిసార్ అహ్మద్ అరబ్బీ చేయలేదు. మిగతాదానికి అర్బాబ్ సరేనని చెయ్యి ఊపాడు. "మాఫీ ముష్కిల్."

ఖాదర్‌వలి స్పానర్ల పెట్టె మూత తీశాడు. మళ్ళీ గోడౌన్ నుంచి రెండు బస్తాలు మోశాం. సిమెంటు మా సీట్లో కూర్చుంది, ఆయన కింద దూరి మరలు వెనక్కి తిప్పాడు. ఏదో కూనిరాగం తీస్తున్నాడు. ఆయనకి రాగం రాదు.

గురువారం పొద్దున కాటా మీద నిలబడితే ఖాదర్‌వలి బస్తా కంటే తక్కువ తూగాడు. ఈ మధ్య తిండి సరిగా లేదు కదా. నిసార్ అహ్మద్ తల గోక్కుని, గోడ పక్కనున్న ఇటుక ఒకటి తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. "ఒళ్ళె పెట్టుకోని కూర్చో. కంపెనీ ఇటుక అది, పోగొట్టకు."

"నీకంటే సూర్‌లో పెళ్ళాం ఉంది" అన్నాను డిక్కీ ఎక్కుతూ. "నాకెవరున్నారయ్యా అక్కడ? నేనెందుకు ఈ దుమ్ము తినాలి?"

"నీకు చారుండాది గదన్నా" అన్నాడు ఖాదర్‌వలి.

ఇబ్రా, ఆ కొండలు, ఆ ఇసక, దారి పొడవునా ఇటుకని చంటిపిల్లలా రెండు చేతులా పట్టుకునే కూర్చున్నాడు. సూర్‌లో దిగాక రజియా దాన్ని చూసింది.

"ఇదేంది?"

"నేను తక్కువైనానంట. ఆ లోటుకి."

ఆమె ఇటుక తీసుకుని వంటింట్లోకి పోయింది. మేము చేతులు కడుక్కుని వెళ్ళేసరికి అది స్టవ్వు పొట్టి కాలు కింద ఉంది. గిన్నె కదలడం లేదు, టకటక లేదు. రెండు చేతులూ ఖాళీగా ఉండటంతో ఆమె మొగుడికి అన్నం ఇంకా ఇంకా పెడుతోంది. ఆయన చాలనడం లేదు. ముసలావిడ లోపలనుంచి రెండుసార్లు పిలిచింది.

తిరుగు ప్రయాణంలో ఇటుక లేదు. అయినా బండి తిన్నగానే పోయింది.